బావగారి అరికాళ్లు

ఆ చెప్పుల దుకాణంలో అందరికీ ఆయన బావగారే. ఓనరు ఆయన భార్యకి సొంత తమ్ముడు. ఓనరు నోరారా ‘బావా’ అని పిలవడం విని పనివాళ్లు ‘బావగారూ’ అనడం మొదలుపెట్టారు, వాళ్లని చూసి కొనడానికి వచ్చినవాళ్లూ అందుకున్నారు. ముక్కూ మొహం తెలియని ముసలాయన కూడా దర్జాగా కాలు చాపి, “బావగారూ, కాస్త వదులుగా ఉండేది తీయండి” అనేవాడు. మర్యాద ఆ పిలుపు దగ్గరే ఆగిపోయేది. ఆ తర్వాత బావగారు చెయ్యాల్సిందల్లా పొట్టి స్టూలు మీద కూలబడి, ఆ చాపిన కాలిని ఒళ్లోకి తీసుకోవడమే.

కాళ్లంటే ఆయనకి రోత. పెళ్లయిన కొత్తలో మామగారి దుకాణమే కదా, నాలుగు రోజులు చూద్దామని చేరాడు. మామగారు పోయారు, బావమరిది ఓనరయ్యాడు, బావగారి జుట్టు మాత్రం ఆ స్టూలు మీదే నెరిసిపోయింది. ఎన్ని కాళ్లు ముట్టుకున్నా ఆ రోత అలవాటు కాలేదు సరికదా, రోజురోజుకీ పెరిగింది. ఒకడి మడమ పగుళ్లలో ఏనాటి మట్టో గట్టిపడి ఉంటుంది. ఒకావిడ గోళ్లకి నిగనిగలాడే రంగు వేసుకొస్తుంది, ఆ రంగు కింద ఏముందో ఆవిడకే తెలియాలి. వానలో తడిసి వచ్చేవాళ్లు మరీ ఘోరం. తడిసిన సాక్సు ఊడదీయగానే గుప్పున ఒక వేడి కంపు లేచి నేరుగా మొహానికి తగులుతుంది. వేళ్ల సందుల్లో నానిపోయి తెల్లబడ్డ తోలు, దానికి అంటుకున్న సాక్సు నూలుపోగులు... ఛీ, చెప్పడానికే నోరు రావడం లేదు. ఆయన రోజంతా ఆ కాళ్లు పట్టుకుని కూర్చునేవాడు.

అందుకే ఒక కిటుకు కనిపెట్టాడు. ముక్కు మూసుకుంటే గిరాకీ పోతుంది. మొహం తిప్పుకుంటే ఓనరు చూస్తాడు. కాబట్టి నోరు కాస్త తెరిచి నోటితోనే ఊపిరి పీల్చాలి. ఊరికే నోరు తెరిస్తే వెర్రిబాగులవాడిలా ఉంటుంది గనక ఆ తెరిచిన నోటిని నవ్వు కింద మార్చెయ్యాలి. దుకాణంలో కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే బావగారు వాళ్లని పక్కకి తీసుకెళ్లి ఈ విద్య నేర్పేవాడు. పిల్లల సెక్షన్ చూసే ఆవిడకి కూడా అలాగే నేర్పాడు. “నవ్వమ్మా, ముక్కుతో మాత్రం పీల్చకు. కళ్లు నవ్వక్కర్లేదు, అంత దూరం ఎవరూ చూడరు” అని చెప్పాడు. కొనేవాళ్లు మాత్రం, “ఎంత నవ్వుమొహం అండీ బావగారిది!” అని మురిసిపోతూ వెళ్లేవారు.

ఆయనకి జీవితంలో ఒక్కటే కోరిక. గల్లాపెట్టె వెనక ఓనరు కూర్చునే తిరిగే కుర్చీ లాంటి కుర్చీ ఒకటి తనకీ కావాలి. డబ్బు కోసం కాదు, పెత్తనం కోసం కూడా కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే మనుషుల మొహాలు కనిపిస్తాయి. స్టూలు మీద కూర్చున్న మనిషికి జన్మంతా మోకాళ్ల కిందే గడిచిపోతుంది.

ఇన్ని కాళ్లు చూసిన మనిషి తన కాళ్లు మాత్రం చూసుకునేవాడు కాదు. స్నానం చేసేటప్పుడు ఒక కాలితో ఇంకో కాలు రుద్దేసి, చూపు పైనున్న కిటికీ మీద పెట్టేవాడు. గోళ్లు కళ్లజోడు తీసేసి అంచనా మీద కత్తిరించేవాడు. కొంతకాలం కింద షుగరు బయటపడినప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. “పాదాల్లో స్పర్శ తగ్గుతుందండీ. దెబ్బ తగిలినా మీకు తెలియదు. రోజూ అరికాళ్లు చూసుకోవాలి. నడవండి, ఒళ్లు కదిలించండి.” బావగారు నోరు కాస్త తెరిచి, నవ్వుతూ తలూపి వచ్చాడు.

ఆయన భార్య అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. గుండ్రటి అద్దం ఒకటి కొనుక్కొచ్చి, వంగక్కర్లేకుండా అరికాలు కనబడేలా బాత్రూంలో గోడకి ఆనించి నేల మీద పెట్టింది. బావగారు దాన్ని మర్నాడే తీసి, పై అరలో నిలబెట్టి మీసం కత్తిరించుకోవడానికి వాడుకున్నాడు. “చూసుకున్నారా?” అని రోజూ బయట నుంచి అరుపు వినబడేది. “చూసుకున్నా. బ్రహ్మాండంగా ఉన్నాయి” అని లోపల నుంచి జవాబు వెళ్లేది.

అలాంటి రోజుల్లో ఓనరుకి కొత్త పిచ్చి పట్టింది.

ఓనరుకి పిచ్చి పట్టడం కొత్తేమీ కాదు, ఆర్నెల్లకొకటి పట్టి దానంతటదే వదిలిపోతుంది. ఈసారి పట్టింది ఉత్తకాళ్ల పరుగు. ఒకరోజు పొద్దున్నే దుకాణంలోకి ఒక అట్టపెట్టె తెచ్చి, అందులోంచి రెండు వేళ్లతో ఒక వస్తువు తీసి పైకెత్తాడు. అది బూటో, చేతి తొడుగో తెలియలేదు. అడుగు అట్టముక్కంత పల్చగా ఉంది. ముందు భాగంలో అయిదు వేళ్లకి అయిదు గొట్టాలు వేరువేరుగా ఉన్నాయి. లోపలి గుడ్డ ముదురు ఎరుపు. బావగారు ఒకడుగు వెనక్కి వేశాడు. మామూలు బూటు కనీసం ఆ దరిద్రాన్ని కప్పి పెడుతుంది. ఇది ఒక్కొక్క వేలినీ విడివిడిగా అలంకరించి ఊరేగించడానికి పుట్టినట్టుంది.

“బావా, ఇన్నాళ్లూ మనం జనాన్ని పాడు చేశాం” అన్నాడు ఓనరు ఆవేశంగా. “లావు లావు అడుగులు, మెత్తటి దిళ్లు అమ్మి వాళ్ల కాళ్లని సోమరిపోతుల్ని చేశాం. మనిషి పుట్టింది ఉత్తకాళ్లతో.”

‘బట్టల్లేకుండా కూడా’ అనే మాట బావగారి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

“కొత్త బ్రాంచి పెడుతున్నా. ఇవి తొడుక్కుంటే ఉత్తకాళ్లతో ఉన్నట్టే, అక్కడ ఇవే అమ్ముతాం. స్టూళ్లు ఉండవు. ఎవరి కాళ్లు వాళ్లే దూర్చుకుంటారు. కౌంటర్లో కూర్చునే మనిషి మాత్రం వీటితో పరుగెత్తే మనిషై ఉండాలి. లేకపోతే కొనేవాడు నమ్మడు. ప్రారంభం రోజున ఇక్కడి నుంచి అక్కడిదాకా అందరం పరుగెత్తుకుంటూ వెళ్లి తలుపు తీస్తాం. ఎవరు ముందుంటే వాళ్లదే కుర్చీ. పిల్లల సెక్షన్ ఆవిడ వస్తానంది. మీరేమంటారు?”

స్టూళ్లు ఉండవు అన్న మాట దగ్గరే బావగారి చెవులు నిలబడిపోయాయి. మిగతాదంతా గాలికి పోయింది. బస్సు వెళ్లిపోతుంటే కూడా ఏనాడూ పరుగెత్తని మనిషి, “నేను పరుగెత్తుతా” అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే ఓనరుతో, పిల్లల సెక్షన్ ఆవిడతో కలిసి మైదానానికి వెళ్లాడు. అక్కడ పరుగు నేర్పే మనిషిని అందరూ ఉత్తకాళ్ల మాస్టారంటారు. ఒకప్పుడు ఏదో ఇన్సూరెన్సు ఆఫీసులో పెద్ద ఉద్యోగమట, బూట్లతో పాటు దాన్నీ వదిలేశాడట. ఆయన మనుషుల్ని పలకరించే పద్ధతే వేరు. చెయ్యి కలపడానికి బదులు ఒక కాలు వెనక్కి మడిచి, అరికాలు పైకి తిప్పి చూపిస్తాడు. అది తారురోడ్డు ముక్కలా నల్లగా, గరుగ్గా ఉంది. పొద్దున్నే పరగడుపున ఆ దర్శనం చేసుకున్న బావగారు నోరు కాస్త తెరిచి నవ్వాడు.

“నేను మీకు మాస్టార్ని కాదు. నొప్పే మాస్టారు” అని మొదలుపెట్టాడాయన. “చిన్న చిన్న అడుగులు వెయ్యండి. మడమ మీద దబ్బుమని పడకండి, పాదం ముందు భాగం ఆనించి చప్పుడు లేకుండా దిగండి. మొదట్లో కాస్తంత దూరమే. పాదం ఏం చెబితే అది వినండి. చురుక్కుమందా, ఆగిపోండి. కాళ్లు గట్టిపడ్డాక పల్చటి బూట్లు వేసుకుందురుగాని.”

మాటలు బాగానే ఉన్నాయి. ఆ మైదానాన్ని చూస్తేనే బావగారికి ఒళ్లు జలదరించింది. ఊరి కుక్కలన్నీ రాత్రంతా అక్కడే తమ పనులు కానిచ్చుకుని వెళ్లినట్టున్నాయి. పక్కనే ఎవడో గొంతు సవరించుకుని కాండ్రించి ఉమ్మేశాడు, ఆ ఉమ్ము గడ్డిపోచ మీద వేలాడుతోంది. నమిలి ఊసేసిన బబుల్‌గమ్, చితికిన సిగరెట్ పీకలు, ఎవరో తల దువ్వుకుని వదిలిన వెంట్రుకల ఉండ. వీటి మీద ఉత్తకాలు మోపడమా? సాక్సులు వేసుకునే పరుగెత్తుతానన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. ఇక చేసేదేం లేక సాక్సులు విప్పి, కిందికి చూడకుండా చూపు కరెంటు స్తంభాల మీద పెట్టి పరుగందుకున్నాడు.

చుట్టూ అందరూ ‘అబ్బా’, ‘అమ్మా’ అంటూ గెంతుతున్నారు. ఓనరు ఒంటికాలి మీద నిలబడి పళ్లు కొరుక్కుంటున్నాడు. పిల్లల సెక్షన్ ఆవిడ నాలుగడుగులు వేసి కూర్చుని, కాల్లోంచి ముల్లు పీక్కుంటోంది. బావగారు మాత్రం ఆకాశం చూస్తూ నిబ్బరంగా పోతూనే ఉన్నాడు. ఆయన మనసులో ఉన్నదల్లా కింద ఏం తొక్కుతున్నానో అన్న అసహ్యమే. మిగతా ఏ బాధా ఆయన దాకా రాలేదు.

మాస్టారు నోరు వెళ్లబెట్టాడు. మైదానం చివర ఏదో గోడ కట్టగా మిగిలిన కంకర ఉంది, కాళ్లు ముదిరాక గానీ ఎవర్నీ దాని మీదికి వెళ్లనివ్వడు. “మీరొకసారి దీని మీద నడవండి” అన్నాడు. బావగారు నడిచాడు, వెనక్కి కూడా వచ్చాడు.

“పాదం ఏం చెబుతోంది?” అని అడిగాడు మాస్టారు ఆత్రంగా.

“ఏమీ చెప్పడం లేదండీ.”

“అంటే ఒప్పుకుంటోందన్నమాట!” మాస్టారు పొంగిపోయి, బావగారి చీలమండ పట్టుకుని కాలు పైకెత్తి అందరికీ చూపించాడు. “చూడండి, ఇదీ పాదమంటే! ఈయన పుట్టుకతోనే పరుగు మనిషి. ఇన్నాళ్లూ బూట్లలో పూడ్చిపెట్టారు.”

తన కాలిని వేరొకరు పట్టుకోవడం, పదిమంది దానిలోకి తొంగిచూడటం! బావగారికి వాంతి వచ్చినంత పనయింది. కానీ అంతమంది చప్పట్లు కొట్టడం కూడా ఆయనకి అదే మొదటిసారి. వాంతీ, గర్వమూ రెండూ ఒకేసారి గొంతులో అడ్డం పడ్డాయి. గర్వమే గెలిచింది.

మర్నాడు పిక్కలు పట్టేశాయి. మెట్లు మామూలుగా దిగలేక గోడ పట్టుకుని వెనక్కి వెనక్కి దిగుతుంటే భార్య కడుపు చేత్తో పట్టుకుని నవ్వింది. నొప్పంతా పిక్కల్లోనే. చీలమండ కింద నుంచి మాత్రం చడీచప్పుడూ లేదు.

ఆ వారంలోనే పిల్లల సెక్షన్ ఆవిడ స్టాకు గదిలో ఆయన్ని ఆపింది. “బావగారూ, మీకు నిజంగానే ఏమీ గుచ్చుకోవట్లేదా?”

“లేదమ్మా.”

“నాకైతే ఆ కంకర చూస్తేనే ప్రాణం పోతోంది. నేను మానేస్తున్నా. మీకు షుగరని మీ ఇంట్లో అక్కయ్యగారు అన్నారు కదా. ఒక్కసారి డాక్టరుకి చూపించుకోండి. ఏమీ తెలియకపోవడం మంచిది కాదేమో.”

బావగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. తను పరుగెత్తలేక, పరుగెత్తేవాడి కాళ్లకి అడ్డం పడుతోందన్నమాట! ఆ కుర్చీ కోసం ఎంతకైనా తెగించేలా ఉందే! “నీ పని నువ్వు చూసుకో” అని విసురుగా వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకి కాళ్లు గట్టిపడ్డాయని మాస్టారు ప్రకటించాడు. బావగారు ఆ వేళ్ల బూట్లు తొడుక్కున్నాడు. సాక్సులు లేకుండా తొడుక్కోవాలి, అదొక నరకం. ఒక్కో వేలినీ పట్టుకుని దాని గొట్టంలోకి దూర్చాలి. ఆయన మొహం పక్కకి తిప్పి, తడుముకుంటూ దూర్చుకున్నాడు. చిటికెన వేలు ఒకపట్టాన దారికి రాదు. పరుగు అయ్యాక విప్పితే లోపలంతా జిగటగా ఉండేది. దాన్ని కూడా చూడకుండా ఎండలో పడేసేవాడు.

కొత్త బ్రాంచిలో గోడ మీద పెట్టడానికి పెద్ద బొమ్మ కావాలన్నాడు ఓనరు. “మొహాలు అందరూ పెడతారు బావా, మనం అరికాళ్లు పెడదాం. మీ అరికాళ్లే.” ఫోటోలు తీసేవాడు వచ్చి బావగారిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, కాళ్లు కడిగించి, దీపాలు వెలిగించాడు. బావగారు మొహం దిండులో దాచుకున్నాడు. తన అరికాళ్లని మనిషంత పెద్దవి చేసి గోడకెక్కిస్తారన్న ఊహకే ఆయనకి ఒళ్లంతా కంపరం పుట్టింది. కుర్చీ, తిరిగే కుర్చీ అనుకుంటూ ఓర్చుకున్నాడు.

“సార్, కుడికాలి మీద ఇక్కడేదో నల్లమచ్చ ఉందండీ” అన్నాడు ఫోటోల వాడు. “చెమ్మగా కూడా ఉంది.”

“మట్టి అయ్యుంటుంది” అన్నాడు బావగారు దిండులోంచి.

“పోవట్లేదండీ. సర్లెండి, కంప్యూటర్లో తీసేస్తా.”

తీసేశాడు. బొమ్మ అద్దంలా వచ్చిందని అందరూ అన్నారు. బావగారు దానివంక చూడలేదు.

ఆ తర్వాతే కంపు మొదలైంది.

ముందుగా దుకాణంలో తెలిసింది. బావగారి ముక్కు మామూలు ముక్కు కాదు, గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి ఎలాంటి సాక్సు వేసుకున్నాడో స్టూలు దగ్గర నుంచే చెప్పగలడు. ఇది మాత్రం ఆయనకి తెలిసిన కాళ్ల కంపుల్లో ఏదీ కాదు. తియ్యగా, కుళ్లుగా, గొంతులోకి దిగిపోయే రకం. ముందు కొనేవాళ్ల మీద అనుమానపడ్డాడు. ఒక పెద్దమనిషి కాలు ఒళ్లో పెట్టుకుని, నవ్వుతూనే లోపల నానా తిట్లూ తిట్టాడు. ఆ పెద్దమనిషి వెళ్లిపోయినా కంపు పోలేదు. స్టాకు గదిలో ఎలుక చచ్చిందని నిర్ణయించి, పెట్టెలన్నీ కిందికి దింపించాడు. పిల్లల సెక్షన్ ఆవిడ చీపురు పట్టుకుని మూలమూలా వెతికింది. ఎలుకా లేదు, దాని తోకా లేదు. “ఇక్కడే ఎక్కడో ఉంది. నేను ఎటు తిరిగితే అటే వస్తోంది!” అని బావగారు ముక్కు ఎగబీలుస్తూ గదంతా తిరిగాడు.

ఇంటికెళ్తే ఇంట్లోనూ అదే. వంటింటి తడిగుడ్డ అన్నాడు, చెత్తబుట్ట అన్నాడు, మోరీలో ఏదో అడ్డం పడిందన్నాడు. భార్య గుడ్డ మార్చింది, బుట్ట కడిగింది, మోరీలో వేణ్నీళ్లు పోసింది. “ఈ ఇంట్లో మనిషన్నవాడు ఊపిరి పీల్చలేడా?” అని ఆయన కేకలు వేస్తే, ఆవిడ కూడా గట్టిగానే అందుకుంది.

ఒకరోజు ఆవిడ దుప్పటి పట్టుకొచ్చింది. కాళ్ల వైపు ఎర్రగా, గోధుమరంగుగా మరక ఉంది. “ఏమిటండీ ఇది?”

బావగారు దుప్పటి అందుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈ విషయంలో ఆయనకి చెప్పేవాడు లేడు. ఎరుపు లైనింగు ఎక్కడ కనబడినా, చెమట తగిలితే రంగు దిగుతుందని కొనేవాళ్లకి ముందే చెప్పి పంపే మనిషి. “బూటు లోపలి గుడ్డ రంగు దిగుతోంది. కొత్త సరుకు కదా, నాలుగు ఉతుకులకి ఆగిపోతుంది” అని తీర్పు చెప్పాడు. అంత ధీమాగా చెబితే ఎవరైనా నమ్ముతారు. ఆవిడ కూడా నమ్మి దుప్పటి నానబెట్టింది.

ప్రారంభం ముందురోజు సాయంత్రానికి ఆయనకి ఒళ్లు వెచ్చబడింది. “రేపు వెళ్లకండి. ఒళ్లు కాలిపోతోంది” అంది భార్య. “వాడు నా తమ్ముడే, నేను చెబుతా.”

“చెప్పావంటే ఊరుకోను. జన్మంతా వాళ్లవీ వీళ్లవీ కాళ్లు పిసికాను. రేపొక్కరోజు పరుగెత్తితే ఇక ఆ పీడ ఉండదు. అర్థమవుతోందా నీకు?”

ఆవిడకి అర్థమైంది. అందుకే జ్వరం మాత్ర తెచ్చి చేతిలో పెట్టింది.

పొద్దున్న పాత దుకాణం ముందు అంతా పోగయ్యారు. పరుగు మొదలుపెట్టమని మాస్టారు చప్పట్లు కొట్టాడు. బావగారు అందరికన్నా ముందు పరుగెత్తాడు. జ్వరంతో కళ్ల ముందు రోడ్డు ఊగుతోంది, నోరు పిడచగట్టుకుపోయింది, కాళ్లు మాత్రం ఎవరివో అయినట్టు వాటి దారిన అవి పోతున్నాయి. వెనక ఓనరు రొప్పుతూ, అడుగడుక్కీ మూలుగుతూ వచ్చాడు. కొత్త దుకాణం గుమ్మం దాటి, గాజు కౌంటరు చుట్టూ తిరిగి, బావగారు ఆ కుర్చీలో కూలబడ్డాడు.

అది తిరిగే కుర్చీయే. ఎత్తుగా, మెత్తగా ఉంది. ఎదురుగా మనుషులందరూ నిలబడ్డారు, అందరి మొహాలూ ఆయన వైపే ఉన్నాయి. నుదుళ్లు, కళ్లు, పళ్లు, నవ్వులు. ఒక్క కాలు కూడా కనబడటం లేదు. అంత హాయి ఆయన ఎప్పుడూ ఎరగడు.

“ఆ గోడ మీద బొమ్మ చూశారా?” అని ఓనరు గొంతెత్తాడు. “అవి మా బావ కాళ్లు. ఇన్నాళ్లు ఉత్తకాళ్లతో, మన బూట్లతో పరుగెత్తినా ఒక్క గీత పడలేదు. నమ్మరా? ఇప్పుడే చూపిస్తా. బావా, బూట్లు విప్పండి.”

“వద్దులే” అన్నాడు బావగారు.

“సిగ్గు దేనికి బావా!”

మాస్టారు అప్పటికే కింద కూర్చుని ఆయన కుడికాలు అందుకున్నాడు. బూటు ఓ పట్టాన ఊడలేదు, లోపల అంటుకుపోయినట్టుంది. రెండు చేతులతో లాగాడు. ఊడి వచ్చింది.

మొదట కంపు వచ్చింది. నెలగా బావగారు వెతుకుతున్న ఆ కంపే, ఇంత దగ్గర నుంచి, ఇంత చిక్కగా. ముందు వరసలోవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నొప్పే మాస్టారన్న మనిషి, బూటు కింద పడేసి, చేతులు చొక్కాకి తుడుచుకుంటూ లేచాడు. ఓనరు మొహం పాలిపోయింది. “బావా, ఇదేంటి బావా?” అన్నాడు, ముక్కు మూసుకున్న గొంతుతో. బొటనవేలి కింద నల్లటి గుంట ఉంది, దాని అంచులు నానిపోయి తెల్లబడ్డాయి, లోతులో కంకర ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. చుట్టూ చీమూ రక్తమూ కారి ఎండిపోయాయి. వెనక గోడ మీద అదే అరికాలు, మనిషంత ఎత్తున, ఒక్క మచ్చ లేకుండా నిగనిగలాడుతోంది.

బావగారు కాలు చూసుకోలేదు. మొహాలే చూశాడు. ఇన్నేళ్లుగా చూడాలనుకున్న మొహాలు. ఒక్కొక్కటీ ముడుచుకుపోయి, పక్కకి తిరిగిపోతోంది.

అప్పుడు పిల్లల సెక్షన్ ఆవిడ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. “ఎవరైనా కారు పిలవండి, అక్కయ్యగారికి ఫోన్ చెయ్యండి” అని కేకేసి, సీసాలో నీళ్లూ శుభ్రమైన గుడ్డా తెచ్చి, నేల మీద కూర్చుని ఆ కాలిని ఒళ్లోకి తీసుకుంది. నెమ్మదిగా నీళ్లు పోసింది. “నొప్పిగా ఉందా బావగారూ?” అంటూ తలెత్తి ఆయన వైపు నవ్వింది.

బావగారు ఆ నవ్వు చూశాడు. పెదాలు కాస్త విడి ఉన్నాయి. ముక్కుపుటాలు కదలడం లేదు. కళ్లు నవ్వడం లేదు.

డాక్టరమ్మ చెప్పినా ఆయన బుర్రలోకి దిగనిది, భార్య అరిచినా దిగనిది, అప్పుడు దిగింది. ఎలుక ఎక్కడుందో తెలిసింది. తను జన్మంతా ఎంతమంది మొహాల మీదికి ఆ నవ్వు విసిరాడో, అది ఇటువైపు నుంచి ఎలా ఉంటుందో తెలిసింది.

“నవ్వకమ్మా” అన్నాడు. “ఆ నవ్వు నాకు తెలుసు. మొహం తిప్పుకో, ఫర్వాలేదు. కంపు కొడుతోంది కదా. ఛీ అను.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. మొహం వీధి వైపు తిప్పి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. “అబ్బ, ఎంత కంపండీ!” అంది. మళ్లీ వంగి గుడ్డ చుట్టసాగింది. కాలు మాత్రం ఒళ్లోంచి దించలేదు.

ఆసుపత్రిలో బొటనవేలూ, దాని పక్క వేలూ తీసేశారు. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే పాదమే పోయేదన్నారు. కొత్త దుకాణంలో కుర్చీ పిల్లల సెక్షన్ ఆవిడకి దక్కింది. ఆవిడ కూర్చున్న రోజునే గోడ మీది బొమ్మ తీయించేసింది, మామూలు బూట్లు కూడా తెప్పించింది. ఓనరుకి ఉత్తకాళ్ల పిచ్చి వదిలి, ఇంకో పిచ్చి పట్టేదాకా కాస్త విరామం దొరికింది. బావగారిని చూడటానికి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గరే నిలబడి నీళ్లు నమిలేవాడు. బావగారు తిట్టలేదు, లోపలికి రమ్మనీ అనలేదు.

కట్టు విప్పిన రోజు ఆయన కర్ర ఊతంతో బాత్రూంలోకి వెళ్లాడు. పై అరలో ఉన్న గుండ్రటి అద్దాన్ని కిందికి దింపి, ఒకప్పుడు భార్య పెట్టిన చోటే గోడకి ఆనించి నేల మీద పెట్టాడు. పీట మీద కూర్చుని కాలు చాపాడు. వేళ్లు లేని చోట తోలు ముడతపడి, గులాబీరంగుగా, తడిగా మెరుస్తోంది. కుట్ల గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఆయన మొహం తిప్పుకోబోయి ఆగిపోయాడు.

“చూసుకున్నారా?” అని బయట నుంచి భార్య గొంతు వినబడింది.

“చూస్తున్నా.”

“ఎలా ఉంది?”

“అసహ్యంగా ఉంది” అన్నాడు బావగారు, అద్దాన్ని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటూ.